రేణుక ముందు పళ్లు

ఎదుటివాళ్ల ముఖం చూడకుండా నోరు మాత్రమే చూసే మనిషిని ఏమనాలి? మా ఇంటి వెనక గదిలో ఉండే రాజేందర్ అలాంటివాడు. ఖాజాగూడలో ఈ ఇంట్లో దిగిన రోజున, సామాను దించుకుంటున్న నన్ను ఆపి, "మేడం, మీరు కుడి దిక్కు నమలరు గదా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నిజమే, ఆ వైపు దవడ పన్ను పుచ్చి ఏడాదైంది. అయినా ముక్కూ మొహం తెలియని ఆడమనిషిని అడగాల్సిన మాటేనా అది?

తర్వాత తెలిసింది. ఇరవై రెండేళ్లు కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేశాడట. ఆ పని మిషన్ చేయడం మొదలెట్టాక ఇంటికి పంపేశారు. ఇప్పుడు నాటకాలకీ, కంపెనీల వార్షికోత్సవాలకీ వేషాలు కట్టేవాళ్ల కోసం పళ్లు చేస్తాడు. వేషం వేసే మనిషి పైదవడ అచ్చు తీసి, దాని మీద మట్టితో ఒక్కొక్క పన్నూ మలుస్తాడు. ఆ మట్టి పళ్లకి మూస తీసి, కట్టుడు పళ్ల పొడి కలిపి పోస్తే నోట్లో తొడుక్కునే పళ్లు వస్తాయి. మొదట్లో చేసినవన్నీ తిరిగొచ్చేవట. ల్యాబు అలవాటు కొద్దీ ముత్యాల్లా వరుసగా చేసేవాడు మరి. బిచ్చగాడి వేషానికి పెళ్లికొడుకు పళ్లు చేస్తే ఎవరు తీసుకుంటారు? గుట్కా గారా, అరిగిన కొసలూ చేయడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టిందన్నాడు.

ఆ గదికి ఎవరూ రారు. భార్య రేణుక పోయి నాలుగేళ్లు. పిల్లల్లేరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గిన్నెల చప్పుడు వినిపిస్తుంది, అంతే. "ఎట్లున్నవ్ అని అడిగేటోళ్లు లేరు మేడం. అందుకే మీ నోరు జూసి మాట కలిపిన," అని ఒకసారి తనే చెప్పాడు. అప్పట్నించీ కూర మిగిలినా మిగలకపోయినా ఓ గిన్నె అతనికి తీసి ఉంచుతున్నాను.

మొన్న ఫిబ్రవరిలో యశస్విని వచ్చింది. నానక్‌రామ్‌గూడలో వేషాల దుస్తులు కుట్టించే అమ్మాయి. ఏదో కంపెనీ నాటకంలో కూరగాయలమ్మే ఆవిడ పాత్రకి పళ్లు కావాలంది. "ఆమె నవ్వితే పళ్లు పెట్టుకున్నట్టు ఉండొద్దు అంకుల్. నిజంగా బతికిన మనిషి నవ్వులా ఉండాలి." రాజేందర్ సరేనన్నాడు.

ఆ ఆదివారం గుత్తివంకాయ కూర పట్టుకుని వెళ్లాను. బల్ల మీద రెండు వరుసల మట్టి పళ్లున్నాయి. రెండింట్లోనూ ముందు పళ్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. ఒకదాంట్లో ఎడమ పన్ను ముందుకుంది, రెండోదాంట్లో కుడి పన్ను. రాజేందర్ కళ్లు చూస్తే రెండు రోజులుగా నిద్రపోయినట్టు లేదు.

"రేణుకవి మేడం. ఏ పన్ను ముందటికుండెనో యాదికొస్తలేదు," అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "దీపం కింద చీకటంటే ఇదేనండీ. ఊరందరి నోళ్లూ చూస్తారు, ఇంట్లో మనిషి పళ్లు గుర్తులేవా? పోనీ ఫొటో చూసుకోండి."

గోడ మీది ఫొటో చూపించాడు. రేణుక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. పెట్టెలోంచి తీసిన ఫొటోల్లోనూ అంతే.

"పెండ్లయిన కొత్తల నేనే అన్న. ల్యాబుకు రా, నీ పండ్లు ఒక్క పూటల సక్కగ జేస్త అని. మజాక్‌కే అన్న మేడం. ఆమె రాలే. గప్పటి సంది నా ముందట గూడ కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. నేను పని ధ్యాసల పట్టించుకోలే."

క్షమించమని అడగడానికి మనిషి లేదు. తను చెడగొట్టిన ఆ నవ్వునైనా ఉన్నదున్నట్టు చేద్దామంటే అదీ గుర్తుకు రావడం లేదు. జాలేసి కూర గిన్నె చేతికిస్తూ, అందుకుంటున్న అతని చూపుడు వేలు చూశాను. వేలి వెనక రెండు చిన్న మచ్చలు, ఒకటి కాస్త ముందుకి, ఒకటి వెనక్కి.

"అదేమిటండీ, ల్యాబులో కోసుకుందా?"

"కాదు మేడం. ఒకపారి ఆమెకు ఫిట్స్ వచ్చినయ్. నాలుక కొరుక్కుంటదని నా వేలు నోట్లె వెట్టిన. పండ్లు ఎముకదాంక దిగినయ్. దవాఖానల డాక్టర్ నన్నే తిట్టిండు, అట్ల పెట్టొద్దని. నెల దినాలు నా వేలు జూసి ఏడ్చింది పిచ్చిది..."

అక్కడే ఆగిపోయాడు. గిన్నె కింద పెట్టాడు. మొదటి మట్టి వరుస తీసి వేలి మచ్చల మీద ఆనించాడు. కుదరలేదు. రెండోది ఆనించాడు. కుడి పన్ను కొస ముందు మచ్చలో, ఎడమ పన్ను కొస వెనక మచ్చలో సరిగ్గా కూర్చున్నాయి. నాలుగేళ్లుగా ఆ వేలితోనే మట్టి మెదుపుతున్నాడాయన. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. రాజేందర్ మాత్రం వేలు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇంటికొచ్చి మా ఆయన్ని నవ్వమన్నాను. ఎందుకన్నాడు. ముందు నవ్వండని కసిరాను. ఆయన కింది పన్ను ఒకటి పక్కకి తిరిగి ఉంటుందని పెళ్లయిన ముప్పై ఏళ్లకి తెలిసింది.

పళ్లు తీసుకోవడానికి యశస్విని వచ్చినప్పుడు రాజేందర్ ఒక్కటే షరతు పెట్టాడు. "ఆ వేషం కట్టే పిల్లకు జెప్పు బిడ్డా. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవద్దని."

నాటకానికి రమ్మంటే రాజేందర్ వెళ్లలేదు. వారం తర్వాత యశస్విని అతని ఫోన్‌కి ఫొటో పంపింది. ఆ ఫోన్ పట్టుకుని మొదటిసారి మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చాడు. ఎవరో పాతికేళ్ల అమ్మాయి, టమాటాల గంప ముందు కూర్చుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. రాజేందర్ చూపుడు వేలు అడ్డంగా పెట్టి ఆ అమ్మాయి కళ్లూ ముక్కూ మూసేశాడు. ఫోన్ నా వైపు తిప్పాడు.

"గిట్లనే నవ్వుతుండె మేడం," అన్నాడు.