వాక్యం ముందు పాట

నా చిన్నప్పుడు మా పల్లెలో ఆదివారం ఆరాధన శనివారం సాయంత్రమే మా ఇంటి అరుగు మీద మొదలయ్యేది. చిట్యాల నుంచి లోపలికి నాలుగు మైళ్ళు నడిస్తే మా వాడ. మా చిన్న సంఘాన్ని చూసుకునే ఉపదేశి తాత పలక, బలపం పట్టుకుని వచ్చి కూర్చునేవాడు. ఏ కీర్తన చదవాలి, ఎప్పుడు మోకరించాలి, కానుక ఎప్పుడు పట్టాలి, అన్నీ వరుసగా రాసుకునేవాడు. పాటల దగ్గర మాత్రం ఆగి మా అమ్మను అడిగేవాడు. వాడ మొత్తానికి పాటల పుస్తకం ఒక్కటే, చదవగలిగింది ఆయనొక్కడే. అమ్మకు అక్షరం ముక్క రాదు గాని పుస్తకంలోని రాగాలన్నీ వచ్చు. ఆమె ఎత్తుకుంటేనే తక్కినవాళ్ళు అందుకునేవాళ్ళు.

కలుపు తీసే చోట ఎవరింట్లో ఏం జరుగుతోందో అమ్మ చెవిన పడేది. "ఆ మూలింట్ల పిల్లగానికి జరమొచ్చింది తాతా, రేపు సంబురం పాట వద్దు" అనేది. తాత చెరిపి ఇంకోటి రాసేవాడు. బైబిలు వాక్యం చదివే ముందు వచ్చే పాట మాత్రం పూర్తిగా అమ్మ ఇష్టమే.

నాకు పదేళ్ళప్పుడు, వానాకాలంలో, అమ్మకు జ్వరం తగిలింది. బండి కట్టి నల్లగొండ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. నాకు దేవుడి మీద కోపం వచ్చింది. బాపు మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది, ఎందుకంటే ఆయన ఏడవలేదు. మట్టి చేసి వచ్చిన మర్నాడే పటేలు చేనికి పనికి పోయాడు.

ఆ శనివారం తాత ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నాడు. అంతా రాసి నా వంక చూసి, "వాక్యం ముందు ఏం పాట బిడ్డా? మీ అమ్మ పాటలన్నీ నీకొచ్చు గద" అన్నాడు.

"ఏ పాటా వద్దు. నేను పాడ" అన్నాను.

కసురుతాడనుకున్నాను. ఆయన తల ఊపి, పాట పేరు రాయవలసిన చోట ఒక గీత గీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆరాధనలో ఆ చోటు రాగానే తాత, "ఈడ పాట లేదు. ఊకె కూసుందాం" అని కళ్ళు మూసుకున్నాడు. పాట పాడేంత సేపు ఎవరూ మాట్లాడలేదు. బాపు తల వంచుకుని ఈతచాప అంచులు గిల్లుతూ కూర్చున్నాడు. అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. పనులకు పోవలసినవాళ్ళు పొద్దెక్కుతోందని గొణిగారు. ఐదో శనివారం తాత వెంట సంఘపెద్ద కూడా వచ్చాడు. "దేవుని ఇంట్ల మూగోళ్ళ లెక్క కూసునుడేంది? వీళ్ళ పక్కింటి పిల్ల ఎత్తుతది, రాసుకోండ్రి" అన్నాడు. జర ఆగుదామని తాత ఎంత చెప్పినా వినలేదు.

పక్కింటి అక్క మంచిది. అమ్మ పోయాక నాకు తల దువ్వుతున్నది ఆమే. అయినా అమ్మ చోట ఆమె గొంతు వినాలంటే నాకు ఒళ్ళు మండింది. ఆదివారం ఆమె లేవబోతుండగానే నేను లేచి, అమ్మకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఎత్తుకున్నాను. అచ్చం అమ్మ గొంతేనని తర్వాత అందరూ అన్నారు. రెండో చరణంలో బాపు లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఆరాధన అయ్యాక వెతికితే గుడి వెనక గోడకు ఆనుకుని, తువ్వాల ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాడు. పక్కన కూర్చున్నాను. తువ్వాల దించి అన్నాడు.

"ఆ జాగ ఖాళీగ ఉన్నన్ని దినాలు మీ అమ్మ యాడికో పోయింది, వస్తది అనుకున్న బిడ్డా. నువ్వు పాడినవు. ఇగ రాదు."

ఇన్ని రోజులూ రాయి అనుకున్న మనిషి మిగుల్చుకున్న ఆ కాస్త ఆశనూ నేనే తీసేశాను. ఆ రోజంతా బాపు ముఖం చూడలేకపోయాను.

మళ్ళీ శనివారం తాత రాగానే, అడగకముందే, "ఆ జాగ ఖాళీగ ఉంచు తాతా" అన్నాను.

"నీకా బిడ్డా?"

"బాపుకు."

తాత కళ్ళు తుడుచుకుని గీత గీశాడు. సంఘపెద్ద మళ్ళీ తగువుకొస్తే ఈసారి ఆయన తగ్గలేదు. "పాడేటోళ్ళకు ఇన్ని పాటలున్నయి. పాడలేనోడు యాడికి పోవాలె? ఆడు కూసునుడు గూడ ఆరాధననే" అన్నాడు.

ఇప్పుడు మా సంఘంలో ఆరాధన క్రమం రాసేది నేనే. వాక్యానికి ముందు ఒక చోటు ఖాళీగా వదులుతాను. అక్కడ ప్రకటనలు చదువుకుందామని కుర్రవాళ్ళు పోరుతుంటారు, అది ఎవరి కోసమమ్మా అని అడుగుతారు. ఈ వారం ఎవరింట్లో ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది? అమ్మకైతే తెలిసేది.

బాపు పోయిన తర్వాతి ఆదివారం ఆ చోటు వచ్చినప్పుడు, నేను రాసిన కాగితమే చేతిలో పట్టుకుని కూర్చున్నాను. గొంతు లేవలేదు. నన్ను పాడమని ఎవరూ అడగలేదు.