చీటీలో వచ్చిన పక్షం

మా బడిలో చరిత్ర చెప్పే మాస్టారంత మొండిఘటాన్ని నేనింకెక్కడా చూడలేదు. ఇరవై ఏళ్ళు ఆ బడి లైబ్రరీ చూసుకున్నదాన్ని, ఆయన తగువులన్నీ నా బల్ల దగ్గరే తేలేవి, కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. పిల్లలు ఆయన్ని చీటీల మాస్టారనేవాళ్ళు. రాజ్యాంగంలో పెద్దపెద్దవాళ్ళే తేల్చుకోలేని విషయం ఒకటి తీసుకుని, రెండు పక్షాలూ చీటీల మీద రాసి డబ్బాలో వేసేవారు. ఎవరికి ఏది వస్తే అది మూడు వారాలు చదివి, క్లాసులో నిలబడి వాదించాలి. మర్నాడు అదే మనిషి రెండో పక్షం వాదించాలి. మొదటి రోజుకి ఇళ్ళ నుంచి పెద్దవాళ్ళని పిలిచేవారు. రెండోది క్లాసు వరకే.

ఆ ఏడు విషయం, విచారణ లేకుండా మనిషిని నిర్బంధించే అధికారం సర్కారుకి ఉండాలా, వద్దా అని. క్లాసులో మాస్టారి కూతురే ఉంది. డబ్బాలో చెయ్యి పెట్టింది. 'ఉండాలి' అని వచ్చింది.

అక్కడే ఆపేయాల్సింది. ఆ ఇంట్లో ఆ పిల్ల బాబాయి ఉన్నాడు, మాస్టారి సొంత తమ్ముడు. పదకొండేళ్ళ కిందట అల్లర్లప్పుడు, ప్రెస్సులో పని చేసుకుంటున్న మనిషిని పని మధ్యలోంచి తీసుకెళ్ళారు. కేసు లేదు, కోర్టు లేదు. పద్నాలుగు నెలల తర్వాత ఇక వెళ్ళమన్నారు. వచ్చాక బయటికెళ్ళడమే మానేశాడు. అన్న కూతురికి అక్షరాలు దిద్దించాడు, జడలు వేశాడు, మిగతా పొద్దంతా అర్జీలు రాశాడు. నన్నెందుకు తీసుకెళ్ళారో ఒక్క ముక్క చెప్పండి చాలు, అని. ఏ ఆఫీసూ జవాబివ్వలేదు.

"నాన్నా, నా చీటీ మార్చు" అని నా ముందే అడిగింది పిల్ల.

"ఇంట్లో నాన్నని, ఇక్కడ మాస్టారిని. నీకు మారిస్తే అందరికీ మార్చాలి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీకసలు మనసుందా మాస్టారూ" అన్నాను.

"రెండో రోజుందిగా అమ్మా. లోపలున్నదంతా ఆ రోజు చెప్పుకుంటుంది" అన్నారు. నిజంగానే నమ్మి అన్నారు, అదే నా బాధ.

మూడు వారాలు పిల్ల నా లైబ్రరీలోనే ఉంది. రాజ్యాంగం రాసినవాళ్ళ చర్చలు, తీర్పులు, పాత పేపర్లు, అన్నీ తీసిచ్చింది నేనే. మొదటి వారం ఏడుస్తూ చదివింది. రెండో వారం నన్ను ప్రశ్నలతో చంపుకుతింది. మూడో వారానికి నోరెత్తకుండా రాసుకుంటూ కూర్చుంది. అప్పుడే నాకు భయం వేసింది.

బడి పంపిన ఆహ్వానం ఇంట్లో బాబాయి చేతిలో పడింది. అందులో తేదీ, పిల్ల పేరు తప్ప ఏముంటుంది? పదకొండేళ్ళకి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. పిల్ల మొదలుపెట్టాక చూసింది. చెప్పడం ఆపేసింది. తండ్రి వంక చూసింది. ఆయన, కానివ్వు, అన్నట్టు తలూపారు.

కానిచ్చింది. ఎంత బాగా చెప్పిందంటే, ఆ గొంతు నొక్కేయాలనిపించింది నాకు. "ప్రాణాలు పోయాక విచారణ చేస్తే పోయినవాళ్ళు తిరిగొస్తారా? పట్టుకున్నవాళ్ళలో ఏ తప్పూ చేయనివాళ్ళూ ఉంటారు. నిజమే. మనందరం క్షేమంగా ఉండడం కోసం దేశం వాళ్ళ నెత్తిన పెట్టిన బరువది" అంది.

చివర్లో, ఎవరి వాదన నమ్మించిందో చేతులెత్తి చెప్పడం మాస్టారి పద్ధతి. క్లాసంతా పిల్లకే ఎత్తింది. ఆఖరి బెంచీలో బాబాయి కూడా చెయ్యెత్తాడు.

బయట వరండాలో అన్న చెయ్యి పట్టుకున్నాడు. "పిల్ల ఎంత బాగా విడమరిచిందన్నయ్యా. ఇన్నాళ్ళూ అడుగుతుంటే ఎవరూ చెప్పలేదు. వాళ్ళకీ వేరే దారి లేదన్నమాట." మొహం ఎంతో తేలిగ్గా ఉంది. అది చూడలేక నేను పక్కకి తిరిగాను.

మాస్టారు గడగడా చెప్పుకొచ్చారు, చీటీ సంగతీ, పద్ధతీ, రేపు ఇదే పిల్ల తిరగేసి చెబుతుందనీ. "పోనీలే అన్నయ్యా, నా కోసం అబద్ధాలెందుకు" అన్నాడు తమ్ముడు.

మర్నాడు రమ్మని పిల్ల కాళ్ళావేళ్ళా పడ్డా రాలేదు. క్లాసులో రెండో పక్షం ఏడుస్తూనే చదివింది. సాయంత్రం ఆ కాగితాలు పట్టుకుని ఇంటికి బయల్దేరితే, ఉండబట్టలేక నేనూ వెంట వెళ్ళాను. బాబాయిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నిలబడి మొత్తం చదివింది. ఏ మనిషినైనా కారణం చెప్పకుండా ఒక్క రోజు బంధించినా, ఆ రాజ్యాంగం రాసుకున్న మనందరికీ సిగ్గుచేటని చదివింది.

అతను చివరిదాకా విన్నాడు. పిల్ల మొహం తుడిచి, కాగితాలు సరిగ్గా దొంతి పెట్టి చేతికిచ్చాడు.

"బాగుందమ్మా. కానీ ఇది నా మీద ప్రేమ కొద్దీ రాశావు. నిన్నటిది చదువుకుని రాశావు."

గుమ్మంలో నిలబడి అంతా విన్న మాస్టారు అక్కడే కూలబడి, "నేనే చేశానురా, ఇది నేనే చేశాను" అని వెక్కివెక్కి ఏడ్చారు. తమ్ముడు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి, అన్న తాగేదాకా గ్లాసు పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.