అరువు తెచ్చిన నెమరు

పోయినవి పదకొండు గొర్రెలు, ఒక విత్తన పొట్టేలు. గొర్రెల్లో నాలుగు చూలివి కాబట్టి పుట్టకుండా పోయిన పిల్లలు కనీసం నాలుగు. మిగిలినవి ఐదు, అవీ లేవడం లేదు. జొన్న కోతల కాలంలో, ఆళ్లగడ్డ దగ్గరి ఒక పల్లెలో, మరియమ్మ మంద దొడ్డి తడిక తోసుకొని పక్క కళ్లంలోని జొన్నల కుప్ప మేసింది. ఆమె జీవనం ఆ మందే.

అప్పుడు నేను నంద్యాలలో ఒక పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో టెక్నీషియన్‌ని. రెండేళ్ల క్రితం ముందుగా పదవీ విరమణ తీసుకొనే దాకా అదే ఉద్యోగం. ఇంటర్‌తో చదువు ఆగింది. గణాంకాలు పాత పుస్తకాలు కొనుక్కొని నేర్చుకున్నాను. ఆ ఏడాది మా డాక్టరమ్మ నాకు అప్పగించిన పని, నెమరువేసే పశువుల మొదటి పొట్టలోని ఏకకణ జీవులను లెక్కించడం. మేతను అరిగించడంలో పశువుతో పాటు ఈ కంటికి కనిపించని జనానికీ వాటా ఉంది.

పొట్టనీళ్లను పలచటి గుడ్డలో వడగట్టి, ఫ్లాస్కు అంచుదాకా నింపి తెచ్చేవాళ్లం. గాలి తగిలినా, చల్లబడినా ఆ జీవులు చచ్చిపోతాయి. వెచ్చటి గాజుపలక మీద ఒక చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, వెంట్రుకల అంచులు అల్లాడిస్తూ, నిద్రలో నడిచేవాళ్లలాగా, ఒకదాన్నొకటి తాకకుండా తేలిపోతుండేవి. సాయంత్రం బస్సులో కళ్లు మూసుకున్నా అవే ఈదేవి. కిటికీ బయట నల్లమల నీలంగా కరిగిపోతుంటే, కొండలు కూడా ఏదో పెద్ద చుక్కలో తేలుతున్నాయేమో అనిపించేది.

ఏ రకం ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఏ రెండు పశువుల లెక్కలు ఎంత దగ్గరో కాగితం మీద కొమ్మలుగా గీసేవాణ్ణి. ఒకే బీడులో మేసినా గొర్రె లెక్క మేకకు దగ్గరగా, ఆవు లెక్క గేదెకు దగ్గరగా వచ్చింది. పశువుల వంశం ఎక్కడ చీలిందో, వాటి పొట్టలోని జనం కూడా ఇంచుమించు అక్కడే చీలారు.

మేము మరియమ్మ దొడ్డికి చేరేసరికి ఎండ ఎక్కింది. గింజలు ఎక్కువైతే పొట్టనీళ్లు పులిసిపోయి, లోపలి జీవులు చస్తాయి. నెమరు ఆగిపోతుంది. ఆ పల్లెల్లో దీనికొక పాత వైద్యం ఉంది. నెమరువేస్తున్న పశువు నోట్లోంచి ముద్ద లాగి, జబ్బుదాని గొంతులో పెడతారు. మరియమ్మ పక్కింటి దున్నపోతు నోట్లోంచి లాగి పెట్టింది. గొర్రెలు లేచినట్టే లేచి, రెండు పరకలు కొరికి మళ్లీ పడ్డాయి.

డాక్టరమ్మ గొట్టం వేసి పులిసిన నీళ్లు తీయించి, వంటసోడా నీళ్లు పోయించారు. నేను అరుగు మీద సూక్ష్మదర్శిని అద్దాన్ని ఎండకు తిప్పి చూశాను. గేదెలో ఉండే రకాలు కొన్ని కనిపించాయి, కానీ కదలిక లేదు. గొర్రె నెమరే కావాలన్నారు డాక్టరమ్మ.

"ఎనుముది బలం గదా మేడం?" అంది మరియమ్మ. ఎనుము అంటే అక్కడ గేదె.

గొర్రె, మేక ఒక కొమ్మ, ఆవు, గేదె ఇంకో కొమ్మ అని డాక్టరమ్మ చెప్పారు.

"ఏందీ, కడుపులో ఉండేటివి గూడ కులం చూస్తాండాయా? మనుసులే అనుకుంటి."

పల్లెలో గొర్రెలున్నది ఆమెకే. తనవే మరికొన్ని దొర్నిపాడులో తోడికోడలు సుగుణమ్మ దగ్గర పాలుకు ఉన్నాయి. అంటే ఒకరి గొర్రెలను ఇంకొకరు మేపి, పుట్టిన పిల్లలను చెరిసగం పంచుకోవడం. మరియమ్మకు రావలసిన నాలుగు పిల్లలను సుగుణమ్మ తోలలేదు. ఇద్దరికీ మాటల్లేవు. అయినా మరియమ్మ మా జీపెక్కింది.

"ఏందక్కా, ఇన్నేండ్లకు తోవ కనపడిందా?" అంది సుగుణమ్మ.

"తోవ యాడికి పోతాది? నా పిల్లలే యాడికి పోయినాయో తెలీదు."

సంగతి విని సుగుణమ్మ బేరం పెట్టింది. "తీసుకో. ఆ నాలుగు పిల్లల లెక్క మటుకు కొట్టేయి."

మరియమ్మ ఒప్పుకోలేదు. "నోట్లో నీళ్లకు నాలుగు పిల్లలా? రెండు కొట్టేస్తా, కడమ రెండు తోలాల్సిందే. ఇంగ నోరు మూస్కొని గొర్రెను పట్టు."

సుగుణమ్మ నవ్వి, గొర్రెను పట్టింది. మేం గొట్టంతో దాని పొట్టనీళ్లు తీసి ఫ్లాస్కు నింపాం. మరియమ్మ ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకొని, పసిబిడ్డను తెచ్చినట్టు దొడ్డి దాకా తెచ్చింది. దారి పొడుగునా జొన్న మోళ్ల మీద ఎండమావులు ఊగాయి.

ఆ నీళ్లు ఐదింటికీ పట్టించాం. మర్నాటికి ఒక గొర్రె చచ్చిపోయింది. నాలుగు నిలబడి నెమరువేశాయి. కొన్నాళ్లకు మళ్లీ పొట్టనీళ్లు తీసి చూస్తే గేదె రకాల జాడ లేదు. దొర్నిపాడు గొర్రెలో చూసిన రకాలు నిండుగా ఈదుతున్నాయి.

ఐదు గొర్రెలతో సూత్రం రాయకూడదు. వంటసోడా ఎంత పనిచేసిందో, నెమరు ఎంత పనిచేసిందో నేను విడదీయలేను. గత్యంతరం లేనప్పుడు గేదె నెమరుతో బతికిన గొర్రెలూ ఉండొచ్చు. నేను నేర్చుకున్నది ఇంతే. పొట్టలోకి ఎవరినైనా పంపవచ్చు, నిలిచేదెవరో తేల్చడంలో ఆ పశువు పుట్టుకకూ మాట ఉంటుంది. దాత దొరికే అవకాశముంటే ముందు దగ్గరి వంశంలో వెతకాలి.

ఆ నాలుగు గొర్రెల నుంచే మరియమ్మ మంద మళ్లీ నిండింది. దొర్నిపాడు నుంచి రావలసినవి మాత్రం ఈరోజుకీ రెండు పిల్లలు.