బ్లూరేలో కనిపించిన ఆకుపచ్చ ఓణీ

చిక్కడపల్లిలో నేను కిరాయికుండే ఇంటి ఓనరు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గర బీరువా నిండా సినిమా డిస్కులున్నాయి. చాలావరకు వీసీడీలు, కొన్ని డీవీడీలు. నేను బ్లూరే ప్లేయర్ తెచ్చుకున్న రోజు మెట్ల దగ్గర ఆపి, "బొమ్మ గదే కద బాబూ. డబ్బా మార్చి మళ్ల అమ్ముతున్నరు" అన్నారు.

నాకు పౌరుషం వచ్చింది. "ఆదివారం మధ్యాహ్నం మీ టీవీలోనే చూద్దాం అంకుల్. ఒకటే సినిమా, మూడు రకాల డిస్కులు" అన్నాను.

ఆయనకిష్టమైన పాత సినిమా ఒకటి ఎంచుకున్నాం. వీసీడీ, డీవీడీ ఆయనవి. బ్లూరే నేను వెతికి తెప్పించాను. అందులో నారాయణగూడ చౌరస్తాలో తీసిన ఊరేగింపు సీనుంది. తెలిసిన చోటు కాబట్టి పోల్చడం తేలిక. ఆంటీ కూడా వేయించిన పల్లీలు పట్టుకొచ్చి కూర్చున్నారు.

ముందు వీసీడీ. జనం కదిలినప్పుడల్లా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతోంది. అంతలో ఆంటీ లేచి టీవీ మీద వేలు పెట్టారు. "బస్సు పక్కన నిలబడ్డది నేనే. కాలేజీకెంచి వస్తుంటే షూటింగ్ అయితుండె."

అంకుల్ నవ్వారు. "పెండ్లయిన కాడికెంచి ఇదే చెప్తది. నాకైతే గోడ లెక్క కనపడ్తది."

డీవీడీ పెట్టాం. గళ్లు పోయాయి. ఆంటీ చూపించిన చోట చిలకాకుపచ్చ ఓణీ తేలింది. ముఖం మాత్రం పిండి అద్దినట్టు తెల్లగా ఉంది.

"ఓణీ నాదే."

"గసొంటి ఓణీలు ఊర్ల మస్తుంటయ్."

బ్లూరే పెట్టేటప్పుడు నాకు భయమేసింది. ఆ ముఖం ఇంకెవరిదో అయితే, ఆవిడ ఇన్నేళ్ల మాటను నేనే అబద్ధం చేసినవాణ్నవుతాను. సీను రాగానే బొమ్మ ఆపాను. బస్సు అద్దం మీది దుమ్ముతో సహా కనిపిస్తోంది. ఓణీ అమ్మాయి గడ్డం మీద చిన్న పుట్టుమచ్చ. నా పక్కన నిలబడ్డ ఆంటీ గడ్డం మీదా అక్కడే.

అంకుల్ కళ్లద్దాలు తుడుచుకుని టీవీకి జానెడు దూరం దాకా వెళ్లారు. కాసేపటికి మెల్లగా, "నువ్వే" అన్నారు. "గింత బక్కగుంటివా?"

ఆంటీ ఆయన మాట వినిపించుకోలేదు. బొమ్మలో తన పక్కనున్న రెండు జడల అమ్మాయిని చూస్తున్నారు. "ఇది నా దోస్తు, దోమలగూడల ఉంటది" అంటూ ఫోన్ తీశారు. "జల్ది రా. మనిద్దరం సినిమాల ఉన్నం."

అరగంటలో ఆ స్నేహితురాలు ఆటో దిగారు. తనను తాను చూసుకుని, "గప్పుడు గూడ మాట్లాడుతనే ఉన్న" అని నవ్వారు. ఆ సీను మళ్లీ మళ్లీ వేయించుకున్నారు. అంకుల్ వంటింట్లోకి వెళ్లి అందరికీ చాయ్ పెట్టి తెచ్చారు.

"కాలేజీకెంచి వస్తున్నరంట కద?" అని అడిగారు కప్పు అందిస్తూ.

"కాలేజీ ఏడిది అన్నా," అన్నారావిడ. "ఆ రోజు ఇద్దరం పరీక్ష ఎగ్గొట్టి పొద్దంత ఆడనే నిలబడ్డం."

ఆంటీ ఆవిడ నోట్లో గుప్పెడు పల్లీలు పోశారు.