బాకా లేని ముక్క

పళ్ళాయన చేసిన పళ్ళతో ఈ ఊళ్ళో ఎంతమంది నములుతున్నారో ఆయనకే తెలియదు. డాక్టర్ల దగ్గర్నుంచి నోటి అచ్చులు వస్తాయి. ఆయన వాటిలో ప్లాస్టర్ పోసి, మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ పేర్చి, ఉడికించి, మోటారు మీద అరగదీసి, మెరుగు పెట్టి పంపిస్తాడు. పేరు డాక్టరుకు, పొడి ఈయన ఊపిరితిత్తులకు. ఆయన నోట్లో మాత్రం పైవరుసలో రెండు పళ్ళు లేవు. కట్టుకోవచ్చు కదా అంటే, "ఇప్పుడు నా నోరు చూసి పిల్లనిచ్చేదెవరు?" అనేవాడు.

నా జిరాక్స్ షాపు మీదే ఆయన గది. ఒక్క కిటికీ, గోడకు ఆనించిన బల్ల, బల్ల మీద పళ్ళు లేని నోళ్ళ అచ్చులు వరసగా. ప్రతిదాని మీదా తెల్లటి దుమ్ము. స్పీకరుకు మాత్రం ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంచేవాడు. పొద్దస్తమానం అందులోంచి సినిమా సంగీతం. పాటలు కావు. పాటలంటే ఆయనకు చిన్నచూపు. ఎవరో తలుపు తీస్తున్నప్పుడు, ఎవరో బస్సు దిగి వెళ్ళిపోతున్నప్పుడు, మాటల వెనక మనం పట్టించుకోకుండా వినేసేది ఉంటుందే, అది. నా నెత్తిమీద ఆ మోతేమిటని ఒకరోజు తగువుకు మెట్లెక్కాను. ఎక్కినదాన్ని కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా కోపం అలాంటిది, వచ్చినంత తొందరగా సిగ్గులేకుండా పోతుంది.

అలా మేం నలుగురమయ్యాం. పళ్ళాయన, నేను, రిటైరైన లెక్కల మాస్టారు, లిఫ్టు మెకానిక్. ఆదివారం మధ్యాహ్నం నా షాపు షట్టరు సగం దించి, జిరాక్స్ మిషను మీద స్పీకరు పెట్టుకుని వినేవాళ్ళం. మిగతా రోజుల్లో ఎవరికి ఏ సంగీతపు ముక్క దొరికితే అది ఫోన్లో పంపేవాళ్ళం. దానికి మాస్టారు ఒక నియమం పెట్టారు. వింటున్నంతసేపూ అనిపించింది అనిపించినట్టు మాట్లాడి, ఆ వాయిస్ మెసేజ్ పంపాలి. "విన్నాక ఆలోచించి చెప్పేది వ్యాసం. వింటూ నోరు జారేదే నిజం," అనేవారు. ఆ మెసేజ్ కూడా ముక్కను ఎంచిన మనిషి ఒక్కడికే వెళ్ళాలి. ఒకరి మాట ఇంకొకరి చెవికి అంటకూడదని.

ఈ నోరు జారడంలో మెకానిక్‌ను మించినవాడు లేడు. చెవుల్లో బొత్తాల్లాంటివి పెట్టుకుని, ఫోను బొటనవేలితో నొక్కిపట్టి, నడుస్తూ మాట్లాడుతూ పోయేవాడు. ఇంత మాట్లాడతాడు గానీ వాయిద్యాల పేర్లు ఒక్కటీ తెలియవు. తీగ ఉంటే వయొలిను, ఊదితే బాకా. పిల్లనగ్రోవి అయినా బాకాయే.

"నీ చెవి దగ్గర దోమ పాడినా బాకా అంటావురా," అని నేను ఏడిపించేదాన్ని.

"రోజంతా లిఫ్టు గుంతలో మోటారు హోరులో బతికేవాణ్ణి జిరాక్సక్కా, నాకు బాకా తెలియడమే గొప్ప," అని తనే ముందు పడీపడీ నవ్వేవాడు.

పళ్ళాయనకు వాడంటే ప్రాణం. వాడి తల్లికి పళ్ళన్నీ ఊడిపోతే పైసా తీసుకోకుండా రెండు వరుసలూ కట్టి ఇచ్చాడు. ఎక్కడ ఒరుసుకుంటోందో అడిగి అడిగి, నాలుగైదుసార్లు ఇంటికి వెళ్ళి అరగదీసి సరిచేశాడు. "మా అమ్మ ఇప్పుడు నోటికి చెంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది," అని మెకానిక్ వచ్చి చెప్పినరోజు, పళ్ళాయన మొహం చూడాలి.

మెకానిక్ ఒక ఉదయం పనికి వెళుతూ రైలు కింద పడి పోయాడు.

స్టేషను వెనక పట్టాలు దాటితే పని దగ్గరికి అడ్డదారి. సగం ఊరు అటే నడుస్తుంది. హారన్ మోగించి మోగించి చేతులు పడిపోయాయని, ఆ మనిషి తలెత్తి ఆకాశం చూస్తూ నడిచాడే తప్ప పక్కకు జరగలేదని రైలు నడిపినవాడు చెప్పాడట. ఫోను ముక్కలైంది. చెవిలో బొత్తాలు కంకరలో ఎక్కడ పోయాయో, వాటి సంగతి ఎవరికీ తట్టలేదు. అందరికీ తట్టింది వేరు. ఆ పొద్దున మెకానిక్‌కూ భార్యకూ గొడవైంది. "ఆ చెవుల్లోవి పెట్టుకుని అటే పో, మళ్ళీ ఇంటికి రాకు!" అని ఆమె గుమ్మంలో నిలబడి అరిచింది. చుట్టుపక్కల అన్ని కిటికీలూ విన్నాయి. ఇంకేం కావాలి? పెళ్ళాం మాట పడలేక పోయాడన్నారు. కర్మకాండ కాకముందే అది ఖాయమైపోయింది. తల్లి కోడలి మొహం చూడటం మానేసింది. ఒకే ఇంట్లో, ఒకే వంటగదిలో, ఆమె పెట్టిన కంచం ముట్టకుండా తనే వేరే వండుకునేది.

మా ఆదివారాలు ఆగలేదు గానీ, మాటలు ఆగిపోయాయి. పళ్ళాయన వచ్చి ఒక మూల కూర్చునేవాడు. నీ వంతు అంటే తల అడ్డంగా ఊపేవాడు. పైగదిలో మోటారు చప్పుడు తప్ప ఇంకేదీ వినిపించడం లేదు. దుఃఖం కదా అనుకున్నాం.

ఒక ఆదివారం సగం దించిన షట్టరు కిందనుంచి వంగి మెకానిక్ భార్య లోపలికి వచ్చింది. మనిషి సగమైపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీతోనే ఎక్కువ మాట్లాడేవాడు కదా," అంది. "చచ్చిపోవాలని ఉందని ఎప్పుడైనా అన్నాడా? నా గురించి ఏమైనా అన్నాడా? ఏదైనా సరే, దాచకుండా చెప్పండి."

లేదమ్మా, లేదమ్మా అని నేనూ మాస్టారూ ఒకళ్ళమీద ఒకళ్ళం పడి చెప్పాం.

"మీరూ అలాగే అంటారు. నేను రాకు అన్నాను, ఆయన రాలేదు. అంతే కదా." కాసేపు జిరాక్స్ మిషను వైపు చూసింది. "పొద్దున ఆ పట్టాల దగ్గరికి వెళ్ళి నిలబడి వస్తున్నాను, రోజూ. ఎందుకో నాకే తెలియదు."

ఆమె వెళ్ళిపోయాక పళ్ళాయన లేచి షట్టరు పూర్తిగా దించాడు. ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. తాళం తీయబోయి రెండుసార్లు తప్పు అంకెలు నొక్కాడు. పన్ను మీద గీత కూడా పడనివ్వని చేతులవి.

"వాడి మెసేజ్ నా దగ్గర ఉంది," అన్నాడు.

ఆ ఉదయం ఆయనే ఒక ముక్క పంపాడట. సముద్రం ఒడ్డున దీపస్తంభానికి కాపలా ఉండే మనిషి గురించిన సినిమాలోది. అంతా తీగవాద్యాలే. మధ్యలో ఒకచోట అన్నీ ఆగిపోయి, వాయించేవాళ్ళ ఊపిరి మాత్రం వినిపిస్తుంది. దాన్ని తీసేయకుండా ఉంచారు. అది వాడు పట్టుకుంటాడో లేదో చూద్దామని, 'ఇప్పుడే విను. మధ్యలో ఒకటి వస్తుంది, అదేమిటో నువ్వే చెప్పాలి' అని రాసి పంపాడు.

బొటనవేలు నొక్కి ఉన్నంతసేపే ఫోను మాట పట్టుకుంటుంది. వేలు లేవగానే మెసేజ్ దానంతటదే వెళ్ళిపోతుంది. ఆ వేలు ఎలా లేచిందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కంకర మీద అడుగుల చప్పుడు. తర్వాత వాడి గొంతు, హుషారుగా.

"పళ్ళాయనా, మొదలైంది. వయొలిన్లు... మెల్లగా... ఇంట్లో అందరూ పడుకున్నాక ఎవరో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తున్నట్టుంది. పొద్దున్నే మా ఆవిడ అక్షింతలు వేసిందిలే. సాయంత్రం ఏదో ఒకటి కొనుక్కుని వెళ్ళాలి, లేకపోతే తలుపు తీయదు. ఆగు ఆగు... ఏదో వస్తోంది. వచ్చింది! బాకా! నువ్వన్నది ఇదేగా? ఎక్కడో దూరంగా... అబ్బ, ఎంత బాగా పెట్టాడు! దగ్గరికి వస్తోంది... పళ్ళాయనా, ఈసారి నవ్వకు, ఇది నిజంగా బాకానే—"

అంతే. మాస్టారు కళ్ళద్దాలు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఆ ముక్కలో బాకా లేదు," అన్నాడు పళ్ళాయన.

"తుడిచెయ్," అన్నారు మాస్టారు చివరికి. "పోయినవాడు ఎలాగూ రాడు. ఇది బయటికి వస్తే ఊరు నిన్ను బతకనివ్వదు."

"మరి ఆ పిల్ల?" అని నేను లేచాను. "రోజూ పట్టాల దగ్గర నిలబడుతోందని ఇప్పుడే కదా చెప్పింది! ఒకరోజు తిరిగి రాకపోతే అప్పుడు కూడా లెక్క వేస్తారా మాస్టారూ?"

అలా అనాల్సింది కాదేమో. అయినా అన్నందుకు నాకేం బాధ లేదు. పళ్ళాయన మా ఇద్దరి మాటా వినడం లేదు. "రేపు ఆమెను పిలువు," అన్నాడు నాతో.

మర్నాడు ఆమె వచ్చింది. నిలబడే వింది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి 'తలుపు తీయదు' అన్నచోట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"అయితే నా వల్ల కాదన్నమాట," అంది.

"కాదమ్మా," అన్నాడు పళ్ళాయన. "పంపింది నేను. ఇప్పుడే వినమన్నదీ నేనే."

ఆమె ఆయన వైపు చూసింది. అంతకుముందు అన్నయ్యగారూ అని పిలిచే మనిషి. "ఇది మా అత్తయ్యకు వినిపించాలి. నా ఫోనుకు పంపండి," అంది, అంతే.

మాస్టారు ఇంకా ఊరుకోలేదు. మొదట్లోనూ చివర్లోనూ పళ్ళాయన పేరు వచ్చేచోట కోసేసి పంపవచ్చునన్నారు. ఆమె కూడా, "కోసినా నాకు పర్వాలేదు," అంది. అది ఆమె మంచితనమే అనుకుంటాను.

"వద్దు," అన్నాడు పళ్ళాయన. "కోస్తే అతుకు వినిపిస్తుంది. ఏదో దాచారని అనుమానం వస్తే, మళ్ళీ ఈ అమ్మాయి మీదికే వస్తారు. మొత్తం తీసుకువెళ్ళమ్మా."

ఆయనే వేలితో నొక్కి పంపాడు.

రెండు రోజులకు మెకానిక్ తల్లి వచ్చింది. ఆ మోకాళ్ళతో పైదాకా ఎక్కింది. నేను షాపు వదిలి వెనకే పరుగెత్తాను. పళ్ళాయన మోటారు ఆపి లేచి నిలబడ్డాడు. తిడుతుందని, శాపనార్థాలు పెడుతుందని అనుకున్నాను. అలా చేసినా బాగుండేది.

"వాడు నీ పేరు పిలిచాడయ్యా," అంది. "రైలు మీదికి వస్తుంటే నీ పేరు పిలిచాడు. అమ్మా అని కూడా అనలేదు."

ఆయన కుర్చీ మీది పొడి దులిపి ఆమె వైపు జరిపాడు. ఆమె కూర్చోలేదు.

ఆమె గోడ వైపు తిరిగి, నోట్లో వేళ్ళు పెట్టి పైవరుస తీసింది. తర్వాత కిందిది. చెంగుతో తుడిచి, ప్లాస్టర్ నోళ్ళ మధ్య బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆ మొహం వేరే ఎవరిదో అనిపించింది. బుగ్గలు లోపలికి పోయాయి. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్లు దిగింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో అత్తా కోడలూ ఒకేచోట తింటున్నారు. కోడలే అన్నం మెత్తగా పిసికి అత్తకు పెడుతోందని విన్నాను. మంచిదే. కోడలు నా షాపు ముందునుంచే వెళుతుంది, తలెత్తి పైకి చూడదు. ఆమెను నేను తప్పుపట్టను అని రాద్దామనుకున్నాను గానీ, అది అబద్ధం. తప్పుపడతాను. డాక్టర్లు కూడా ఇద్దరు ముగ్గురు పని పంపడం మానేశారు. ఏం చెప్పుకున్నారో ఏమో.

నేనొకసారి ఆ పళ్ళు డబ్బాలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ముసలావిడ గుమ్మంలోనే డబ్బా చూసి తలుపు వేసేసింది. తెచ్చి పళ్ళాయనకు ఇచ్చాను. ఆయన వాటిని గాజుగ్లాసులో, నీళ్ళలో వేసి కిటికీలో పెట్టాడు. ఎండిపోతే వంకర పోతాయట. రోజూ పొద్దున గది తెరవగానే ముందు ఆ నీళ్ళు మారుస్తాడు. తర్వాతే మోటారు. స్పీకరు సంచిలోనే ఉంది.

నిన్న నేను అడిగాను. "ఎప్పటికైనా మనసు మారి అడుగుతుందంటారా?"

"అడిగినా లాభం లేదు జిరాక్సక్కా," అన్నాడు, గ్లాసు కడుగుతూ. "పళ్ళు పెట్టుకోకపోతే చిగుళ్ళు కుంచించుకుపోతాయి. ఈపాటికి ఇవి ఆమె నోటికి సరిపోవు."

గ్లాసులో కొత్త నీళ్ళు పోసి, పళ్ళు జాగ్రత్తగా అందులోకి జారవిడిచాడు.