ఆపరేటరమ్మ అదనపు గంట

మూడు గంటల పరీక్షకు చూపులేనివాళ్లకు మరో గంట ఇవ్వాలని నియమం ఉంది. నిరుడు చరిత్ర పరీక్షలో మూడో గంట కొట్టగానే ఇన్విజిలేటర్ పేపరు లాగేసుకున్నాడు. ఆసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటర్‌గా పనిచేసే ఆవిడ "సరే సార్" అని లేచి వచ్చేసింది. నాలుగు మార్కులతో తప్పింది. రోజంతా ఫోన్లో పెద్ద డాక్టర్లను సైతం దబాయించే మనిషికి తన హక్కు దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు. ఎందుకమ్మా అంటే, "పాపం, ఆయనకీ ఇంటికెళ్లాలనుంటుంది కదా" అంది. నష్టం ఈవిడదే, జాలీ ఈవిడదే.

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో డిగ్రీకి మిగిలింది ఆ ఒక్క పేపరు. అది పాసైతే రికార్డుల విభాగంలో పై ఉద్యోగం. ఈసారీ తప్పితే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది.

తాను చెప్పేది రాసిపెట్టడానికి ఈసారి అన్నభార్యను పట్టుకుంది. ఆవిడ దర్జీ.

"రాసేవాళ్లు నాకన్నా తక్కువ చదివుండాలట వదినా. వెతగ్గా వెతగ్గా నువ్వు దొరికావు."

"పిలుపు మహా గౌరవంగా ఉందమ్మా. వస్తాలే. మూడు నాలుగు గంటలు నోరు మూసుకోవాలట, అదే నా బెంగ."

వదిన నోరు మూసుకునే రాసింది. రెండో గంట దాటాక, ఎందుకైనా మంచిదని, రాసినదంతా ఒకసారి చదవమంది ఆపరేటరమ్మ. పది వాక్యాల జవాబు మూడు ముక్కల్లో అయిపోయింది.

"మిగతావేవి?" అంది గొంతు తగ్గించి.

"అదంతా సోదేగా. మా దగ్గరికొచ్చేవాళ్లు పెళ్లిచూపుల దగ్గర్నుంచి మొదలుపెడతారు. నేను పుస్తకంలో కొలతలే రాసుకుంటా."

"ఇది జాకెట్టు కాదు వదినా. కరువుకి కారణాలు."

ఇరవై ఏళ్ల అలవాటు మరి. కుట్టు విప్పి మళ్లీ వేసినట్టు జవాబులన్నీ మొదటినుంచి రాసుకొచ్చారు. మూడో గంట కొట్టేసరికి ఇంకా రెండు మిగిలాయి. తాళాలగుత్తి చప్పుడు దగ్గరికొచ్చింది. నిరుటి మనిషే.

"పేపరివ్వండమ్మా. అందరూ వెళ్లిపోయారు, గది తాళం వేసుకోవాలి."

వదిన పెన్ను ఆగింది. ఆపరేటరమ్మ గొంతు సవరించుకుంది. వచ్చింది మాత్రం ఆసుపత్రి గొంతు.

"నాకింకో గంట ఉంది సార్. ఉత్తర్వు మీ బల్లమీదే ఉంది. దయచేసి లైన్లో ఉండండి."

ఆ గొంతు విన్నవాళ్లెవరూ ఫోను పెట్టేయరు. ఆయన వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. ఉత్తర్వు కూడా చదివాడు, బహుశా మొదటిసారి.

పాసైంది. పై ఉద్యోగంలో చేరింది. డిగ్రీలో సగం తనదేనని వదిన ఇప్పటికీ వాదిస్తుంది. ఏ సగమని అడిగితే, కరువు సగం అంటుంది.

ఆ గంట మొదటిసారే ఇచ్చి ఉంటే ఒక మనిషికి ఒక ఏడాది మిగిలేది. అందరికీ ఆపరేటరమ్మ గొంతు ఉండదు. కాబట్టి మీ దగ్గర్లోని కాలేజీకి ఈ వారమే వెళ్లండి. అదనపు సమయం నిజంగా ఇస్తున్నారా అని అడగండి. పరీక్ష రాసిపెట్టేవాళ్ల జాబితాలో మీ పేరు రాయించి రండి. రాయడానికి వెళ్లినప్పుడు మాత్రం చూపులేనివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయండి. కొలతలు తీసుకోకండి.