మెట్లు దింపే కుర్చీ

మా కోడలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గోళ్ళ సందుల్లో తెల్లటి పొడి ఉంటుంది. ఎంత కడిగినా పోదు. మాటలు తక్కువ. ఆ వాటా కూడా నేనే మాట్లాడేస్తాను కనుక ఇంట్లో లోటు తెలియదు. ఉన్నది ఇద్దరమే. మా అబ్బాయి పోయాక అంతే.

ఆమె గురించి వీధిలో తలా ఒక మాట అంటున్నారు. పక్కనుండి చూసినదాన్ని నేనుండగా వాళ్ళకెందుకు శ్రమ?

మా వీధిలో ఇళ్ళన్నీ నిట్టనిలువుగా లేచినవే. లిఫ్టులు లేవు. మెట్లు ఎంత ఇరుకంటే, ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకి అతుక్కోవాలి. కాళ్ళు పోయినవాళ్ళు పైనే ఉండిపోతారు. అలాంటివాళ్ళని ఆసుపత్రికి దింపడానికి మా అబ్బాయి పెళ్ళికి ముందే ఒక సంఘం పెట్టాడు. పనులు చేసుకునే కుర్రవాళ్ళూ ఆడపిల్లలూ అందులో చేరారు. కుర్చీకి రెండు పక్కలా ఇనుప గొట్టాలు బిగించి, మనిషిని బెల్టుతో కట్టి, కింద ఒకరు పైన ఒకరు పట్టుకుని దింపేవారు.

ఒకరోజు గుండెల్లో నొప్పి అన్నాడు. ఆ కుర్చీలోనే వాణ్ణి దింపారు. మళ్ళీ పైకి రాలేదు. మోసినవాళ్ళు ఆ తర్వాత మా గుమ్మం తొక్కలేదు. సంఘం అక్కడితో ఆగిపోయింది. కుర్చీని మెట్ల కింది గదిలో పడేశారు. నేనూ ఆనాటినుంచి కిందకి దిగలేదు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. నొప్పులు అబద్ధం కాదు.

ఏడుపు వస్తుందని చాలాకాలం చూశాను. రాలేదు. కోడలికీ రాలేదు. అన్నం తినేవాళ్ళం, కంచాలు కడుక్కునేవాళ్ళం, పడుకునేవాళ్ళం.

ఒక సాయంత్రం కోడలు సంచిలోంచి కళ్ళజోళ్ళ డబ్బాలు తీసి మంచం మీద పెట్టింది.

"ఏమిటే, దుకాణం దోచుకొచ్చావా?"

"చేయించుకుని తీసుకెళ్ళనివాళ్ళవి, అత్తయ్యా."

"బేరం నచ్చి ఉండదు."

"కాదు. కళ్ళు చూపించుకోవడానికి ఎలాగో ఒకసారి దిగారు. రెండోసారి దిగే ఓపిక లేదు. రేపు వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఇచ్చొస్తాను."

ఇచ్చి వచ్చింది. ఒక్క డబ్బా మిగిలింది. దానివాళ్ళు ఇల్లు మారారట. మర్నాడు మెట్ల కింది గది తాళం అడిగింది. ఎందుకని నేను అడగలేదు. కింద కుర్చీని ఈడుస్తున్న చప్పుడు విన్నాను. కూర తరుగుతున్నాను, తరుగుతూనే ఉన్నాను.

పాతవాళ్ళు ఎవరూ రాలేదు. కొత్తగా ఇద్దరు చేరారు. ఒకతను బస్సు కండక్టరు, నోరు ఆగదు. ఇంకో అమ్మాయి బ్యూటీ పార్లరులో పని చేస్తుంది. చూడ్డానికి పుల్లలా ఉంటుంది, పట్టు మాత్రం ఉడుంపట్టు. ముగ్గురూ మా బియ్యం బస్తాని కుర్చీలో కట్టి రోజూ దింపేవారు. బాగా కుదిరింది. వీధి చివర ఆసుపత్రి నర్సు దగ్గరికి వెళ్ళి, రోగుల ఇళ్ళు చెప్పమని అడిగారు.

"ముందు నా కళ్ళెదుట ప్రాణమున్న మనిషిని దింపండి," అంది ఆవిడ. ఆవిడ సరేనంటేనే సంఘానికి పని. లేకపోతే ఆ కుర్చీ మళ్ళీ గదిలోకే.

పైఅంతస్తు దర్జీ ముసలాయన కూర్చున్నాడు. మలుపు దగ్గర భయమేసి రెండు చేతులతో మెట్ల పక్క కమ్మీ పట్టుకున్నాడు. మోసేవాళ్ళు కిందకి లాగుతున్నారు, ఆయన పైకి లాగుతున్నాడు. కుర్చీ ఒరిగింది. పార్లరు అమ్మాయి గోడకి వీపు ఆనించి ఆపింది కనుక సరిపోయింది. ఆయన అక్కడే బెల్టు విప్పించుకుని, కమ్మీ పట్టుకుని పైకి వెళ్ళిపోయాడు.

"బియ్యం బస్తాకి చేతులుండవమ్మా," అంది నర్సు. "వచ్చే ఆదివారం చూస్తాను. అదే ఆఖరు."

ఆ సంగతి పాకింది. కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకోలేదు. ఆదివారం పొద్దున కోడలు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఎవరూ దొరకలేదు, అత్తయ్యా."

"నన్నడుగుతున్నావా?"

"లేదు. చెబుతున్నాను."

అడిగి ఉంటే పొమ్మనేదాన్ని. అడగలేదు. ఉతికిన చీర కట్టుకుని, నర్సు వచ్చాక మా గుమ్మంలో పెట్టిన కుర్చీలో కూర్చున్నాను. బెల్టు చల్లగా ఉంది.

"టికెట్టు తీసుకున్నావా పెద్దమ్మా?" అన్నాడు కండక్టరు.

"నీ బస్సులో కన్నా ఇక్కడే సీటు బావుందిరా. కదులు."

కోడలు ఆ మిగిలిన కళ్ళజోడు డబ్బా నా చేతుల్లో పెట్టింది. "లోపల అద్దాలున్నాయి. రెండు చేతులతో పట్టుకోండి. పడేశారంటే నా ఉద్యోగం పోతుంది."

కింద గొట్టాలు తను పట్టుకుంది. పైన కండక్టరు. పార్లరు అమ్మాయి కోడలి వెనక ఆసరాగా దిగింది. మలుపులో కుర్చీ వెనక్కి వాలింది. కమ్మీ నా మోచేతికి తగులుతోంది. చేతులు దానివైపు పోబోయాయి. చేతుల్లో ఎవరివో అద్దాలు. పోనివ్వలేదు. మా వాడు ఈ మలుపులో ఏం చూశాడో అనుకున్నాను. గోడకి సున్నం పెచ్చులూడి ఉంది. అంతే ఉంది.

కుర్చీని వీధిలో దించారు. ఎండ పడింది. ఏమైనా అనిపిస్తుందేమోనని కాసేపు చూశాను. ఎండ పడింది, అంతే.

"ఇంక పదండి, ఇక్కడే కాపురం పెట్టమంటారా?" అన్నాను.

ఎవరూ కుర్చీ ఎత్తలేదు.

"పెద్దమ్మా, పైకి మోయడం మేము నేర్చుకోలేదు," అన్నాడు కండక్టరు.

ఎవరికీ తట్టలేదు. బస్తాని ప్రతిసారీ కుర్చీలోంచి విప్పి, కండక్టరు భుజాన వేసుకుని పైకి తెచ్చేవాడు.

"దిగినవాళ్ళు మళ్ళీ ఇంటికి పోవద్దా?" అని నర్సు చేతులు కట్టుకుంది.

కోడలు నావైపు చూసింది. ఆ ముఖంలో నాకేమీ కనిపించలేదు. నా ముఖంలో తనకీ కనిపించి ఉండదు.

"నన్నెందుకు చూస్తావు? ఎత్తండి. ఇప్పుడే నేర్చుకోండి."

ఎత్తారు. మలుపు మలుపుకీ దించారు, ఊపిరి పీల్చుకున్నారు, మళ్ళీ ఎత్తారు. పార్లరు అమ్మాయి చోటు మార్చుకుని కండక్టరుని తిట్టింది. నర్సు వెనకే వచ్చింది. మా గుమ్మంలో కుర్చీ ఆనింది.

"రేపు ఒకావిడ ఉంది," అంది నర్సు. "పొద్దున్నే రండి."

కోడలు బెల్టు విప్పింది. డబ్బా చుట్టూ నా వేళ్ళు బిగుసుకుపోయాయి. ఒక్కొక్కటే విడదీసింది. నా వేళ్ళకి కూడా తెల్లపొడి అంటుకుంది.

మధ్యాహ్నం బస్తా విప్పి బియ్యం డబ్బాలో పోయించాను. ఇక దానితో పని లేదు.